నిన్న వస్తున్నా

తార్తులో డిసెంబరు. మూడున్నరకే
హాస్టలు వంటింట్లో లైటెయ్యాలి.
ముగ్గురికీ ఒకటే పెనం, పిడి ఊడిపోయింది;
పట్టుకోడానికి నెస్తాన్ ఉన్ని మేజోడు.

మారిక ఆ ఊరి పిల్ల. ఉల్లిపాయ తరుగుతూ చెప్పింది:
మా భాషలో భవిష్యత్కాలం లేదు,
"వస్తున్నా"కి "రేపు" తగిలిస్తే సరి.
నెస్తాన్‌కి రేపూ నిన్నా ఎప్పుడూ తారుమారే.
"నిన్న వస్తున్నా" అంటూ తలుపేసుకుని పోయేది,
మేం పొట్టలు పట్టుకునేవాళ్ళం.

జూన్‌లో బస్సు మెట్టు మీంచీ అదే మాట.
దిద్దబోయి
మారిక ఆగిపోయింది.

పెనం నా వాటాకొచ్చింది, మాంటెవిడియో దాకా.
పిడి వేయించమంటుంది అక్క.
వేయించను.
చెయ్యి చురుక్కుమన్నప్పుడల్లా
వస్తూనే ఉంది,
నిన్న.