గాజుముక్క

నల్లపాడు రోడ్డులో రెండొందల గజాలు, కొత్త ఇల్లు.
మొదటి వేసవిలోనే
కిటికీ మూల నుంచి బయల్దేరి
సీలింగు వైపు పాకింది పగులు.
తెల్ల సిమెంటు పెట్టినవాడు ఒకడు,
పుట్టీ రాసి డబ్బు పట్టుకుపోయినవాడు ఇంకొకడు.
మా ఆయన మిర్చి కొట్టువాళ్ళ క్యాలెండరు తగిలించాడు.
ఉగాది వెళ్ళేసరికి క్యాలెండరు కింద నుంచి
మళ్ళీ తోక బయటపెట్టింది.

నాగుల్ మీరా మేస్త్రి
పగులు ముట్టుకోనేలేదు.
"అంట్లు తోమిన నీళ్ళు ఎటు పోతాయమ్మా?"
నాకు ఒళ్ళు మండింది.
గోడ చూపిస్తే తూము అడుగుతాడేంటి?

ఇంటి చుట్టూ చెప్పుల్లేకుండా తిరిగాడు.
పడమటి గోడ పక్క నెర్రెలోకి
తాపీ పిడిదాకా దిగిపోయింది.
వంటింటి వెనక మట్టి
అదే తాపీని అంటుకుని వదల్లేదు.
"పత్తిచేను ఇది.
ప్లాట్లు వేసినా రేగడి రేగడే.
ఒక మూల తాగుతోంది, ఒక మూల ఎండుతోంది,
మధ్యలో మీ ఇల్లు నలుగుతోంది."

పాత ఫోటో అద్దం కోసి
వేలెడు ముక్క
పగులుకి అడ్డంగా అతికించాడు.
పక్కన పెన్సిలుతో తేదీ.
"ఇది విరిగితే గోడ ఇంకా కదుల్తున్నట్టు.
అప్పటిదాకా పూత పని ఎవరికీ ఇవ్వొద్దు."

రోళ్ళు పగిలే రోహిణి కార్తె.
రాత్రి ఒంటిగంటకి టిక్కుమంది.
బల్లి అనుకుని పడుకున్నాను.

సింకు పైపు సాగదీసి కాలవలో కలిపాడు.
ఇంటి చుట్టూ మూడడుగుల మేర రేగడి తీసేసి
గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టి
పైన కాంక్రీటు పట్టీ, బయటికి వాటంగా.
చెంబుడు నీళ్ళు పోసి చూశాడు.
అవి గోడ మొహం చూడకుండా పోయేదాకా
రెండుసార్లు చెరిపి వేశాడు.

తొలి వానలకి పగులు దానంతటదే సన్నబడింది.
"ఇప్పుడు పూడ్చెయ్యొచ్చుగా?"
"నేల ఉబ్బి అబద్ధం చెప్తోంది. కార్తీకం పోనీండి."

కార్తీకం పోయాక
పగులు పొడవునా చెక్కి, చికెన్ మెష్ కొట్టి
సున్నం ఎక్కువ, సిమెంటు తక్కువ కలిపిన మాలు నింపాడు.
"మరీ గట్టిదైతే పక్కన పగులుద్ది.
కాస్త మెత్తగా ఉండాలి."
మా ఆయన ఎందుకో నా వైపు చూశాడు.

గ్యారంటీ అడిగాను.
తాపీ కడుక్కుంటూ నవ్వి
ఇంకో గాజుముక్క అతికించి
తేదీ వేసి పోయాడు.

రంగులవాళ్ళు పీకబోతే నేనొప్పుకోలేదు.
రేపట్నుంచి మళ్ళీ రోహిణి.
ఇందాకే తడిగుడ్డతో
దాని మీద దుమ్ము తుడిచాను,
తేదీ చెరక్కుండా.