ఎడమచేతి స్విచ్చి

గిరింపేటలో జిలాని షెడ్డు ముందర
నా బండి మొగం ఊడదీసి పెట్టినాడు.
హెడ్‌లైటు డూము వైర్లకి వేలాడతా ఉంది
పీకీ పీకని పన్ను మాదిరి.

పన్నెండేండ్ల స్ప్లెండరు.
వెనక సీటుకి కట్టిన నత్రజని క్యాను,
సంచిలో భుజం దాకా వచ్చే గ్లౌజులు,
అయొడిన్ సీసా, ఈనలేని ఆవులకి వాడే నూలుతాళ్ళు.
ఊర్లల్లో నన్ను డాక్టరంటారు,
ఆఫీసులో గోపాలమిత్ర అంటారు,
జీతం రోజు మాత్రం ఏమీ అనరు.

"ఏమైంది సామీ?" అన్నాడు జిలాని
స్క్రూ పండ్ల మధ్య పెట్టుకొని.
ఏమీ కాలేదు. అదే చెప్పినా.
మొగిలి ఘాట్లో మూడో మలుపు,
రోడ్డు నడాన ఆగిపోయిన కంకర ట్రాక్టరు,
వెనక ఎర్రబిళ్ళ గూడా లేదు దానికి.
నా లైటు దాన్ని చూసేసరికి
చెయ్యి చాపితే తగిలేంత దగ్గర.
తగిలింది గూడా.
అన్నం కలిపేటప్పుడు
అరచేతికి ఆ దుమ్ము ఇంకా ఉన్నట్టే ఉంటాది.

"నలభై వాట్లా? ఈ ముసల్దానికా?
స్టేటరు మాడిపోతాది.
పదీ పదీ ఇరవై. మించితే నేను ముట్టుకోను."
బ్యాటరీ నుంచి ఎర్రవైరు, నడాన ఫ్యూజు,
ట్యాంకు కింద అగ్గిపెట్టెంత రిలే,
ఎడమచేతి బొటనవేలికి అందేట్టు స్విచ్చి.
"బరువు రిలే మోస్తాది,
నీ వేలు ఊరికే చెప్తే చాలు."
తెల్లలైట్లు పక్కన పెట్టి పసుపువి తీసినాడు.
మంచులో తెల్లది తిరిగొచ్చి
నీ మొగానే కొడతాదన్నాడు.

పొద్దు గూకినాక ఎదురుగోడ మీద
సుద్దముక్కతో గీత గీసినాడు, నా మోకాలెత్తున.
"వెలుగు దీన్ని దాటగూడదు.
ఎదురొచ్చేవోడికీ ఇంటికి పోవాల్నని ఉంటాది."
రెండువేల ఏడునూర్లు.
నూరు తగ్గించమంటే
టీ తెప్పించినాడు.

ఆ రాత్రే ఫోను. పదకొండున్నర.
బంగారుపాళ్యం అవతల, అడివి అంచున
మామిడితోపు కాపలా ఉండే చెంగమ్మ.
"ముందుకాళ్ళు కనబడతాండాయి నాయనా,
తల కనబళ్ళే."

స్విచ్చి నొక్కినా.
ఎన్ని ఉండాయో ఆ దోవలో!
గుంతలో కూచున్న కప్ప,
ఎవరిదో ఒంటిచెప్పు,
కుక్క కండ్లు రెండు, దాని వెనక ఇంకో నాలుగు,
మైలురాయి మీద బొగ్గుతో దేవకి అని.
ఏ దేవకో, ఎవరు రాసినారో,
ఆరేండ్లు నా పక్కనే ఉండింది చీకట్లో.

తోపు మలుపులో ఒకడు చెయ్యెత్తినాడు.
ఏనుగుల ట్రాకరు మునస్వామి.
మాట్లాడలే.
దీపం కొండెక్కించినట్టు
గాల్లో రెండు వేళ్ళు నలిపినాడు.
ఇంజనార్పినా. లైట్లార్పినా.
రెండువేల ఏడునూర్లు,
గంట గూడా వెలగలే.

ముందు ఏమీ లేదు.
తర్వాత ఒక కొమ్మ విరిగిన సద్దు.
ఆపైన నమలడం, తీరిగ్గా,
పెండ్లిలో ఆఖరిబంతికి కూచున్నోళ్ళ మాదిరి.
మునస్వామి నా చేతిని వెతుక్కొని
అరచేతిలో నాలుగువేళ్ళు పెట్టి నొక్కినాడు,
ఆగి,
ఒక చిటికెనవేలు.

ఇంజను చల్లారతా టిక్కుటిక్కుమంటా ఉంది.
జేబులో ఫోను వణకతా ఉంది. చెంగమ్మే.
ఎత్తలేను.
ఎంతసేపో తెలీదు.
చివరికి "పో" అన్నాడు, అంతే.

తోపులో కరెంటు లేదు.
బండిని కొట్టానికి ఎదురుగా నిలబెట్టి
ఇంజను ఆర్పకుండా స్విచ్చి నొక్కినా.
మోకాళ్ళ మీద కూచున్నా.
జిలాని గీసిన గీత ఎత్తులో
ఆవు తోక, చెంగమ్మ చేతులు, నా భుజం.
లోపల తల వెనక్కి తిరిగుంది,
తోవ తప్పినట్టు.
మూతి దొరికించుకొని మెల్లిగా తిప్పినా.

జారి పడింది పేయదూడ,
తడిగా, ఆవిర్లు కక్కతా.
చెంగమ్మ ముక్కు తుడిచింది.
దూడ కండ్లు తెరిచింది,
పసుపు వెలుగు చూసింది,
గట్టిగా మూసుకునింది.

ఎదురొచ్చేదే గదా ఇది గూడా.
పోయి ఆర్పినా.