ఊటగుంపు, రెండు పేజీలు

ఊరికి రెండు పేజీలు చాలు,
ఎక్కువ రాయకమ్మా, అన్నడు
ఫారాలు పంచిన సారు.
మొదటి గడి: ఊరి పేరు.
అక్కడనే ఆగిపోయిన.

పటంల లేదు.
ఓటర్ల జాబితాల పక్కూరికి కలిపి రాసిండ్రు.
ఫారెస్టోళ్ల రికార్డుల అది ఊరే కాదు,
ఒక కంపార్ట్‌మెంటు నంబరు.
ఊట చుట్టూ ఉన్న గుంపు గనుక ఊటగుంపు
అని చెప్పిండు పూనెం లచ్చుబాబు,
తడిచేతులు పంచెకు తుడుచుకుంట,
అంత చిన్న సంగతి
అడగాల్సి వచ్చినందుకు నా మీద జాలిపడి.

ఇండ్లు ముప్పై ఒకటి.
కాదు, ముప్పై.
ఈసం కన్నమ్మ ఇల్లు మొన్నటి వానకు కూలింది.
పొయ్యిరాళ్లు మాత్రం ఉన్నచోటనే ఉన్నయి,
రోజూ పొద్దుగాల అక్కడనే మంట ముట్టిస్తది.
పొగ లేచే జాగను ఇల్లు అనాల్నా వద్దా
ఫారం వెనక అచ్చేసిన సూచనల్లో లేదు.
ముప్పై ఒకటే రాసిన.

సరిహద్దులు.
తూర్పున, శానా దూరాన, గోదావరి;
ఎండకాలం రాత్రి గాలి మర్లితే
ఇసుక లారీల మోత ఇక్కడిదాకా వస్తది.
ఉత్తరాన గుట్ట, గుట్ట మీద నల్లబండ.
దాని మీద నిలబడితేనే ఫోనుకు సిగ్నలు.
పెండ్లి మాటలు, చావు కబుర్లు, బ్యాంకోళ్ల ఓటీపీలు
అన్నీ ముందుగాల ఆ బండ మీదనే దిగుతయి.
దక్షిణాన మిరపచేన్లు.
చేన్లు ఈ ఊరివి కావు,
ఏరే చేతులు ఈ ఊరివి.
మాఘం దాటితే ఇక్కడ ఏ తల్లి చెంప నిమిరినా
పిల్ల మంటని ఏడుస్తది.
ఆ కాయలు బస్తాలకెక్కి
ఎనుమాముల యార్డుకు పోతయి.
నేను పుట్టింది ఆ యార్డు వెనక గల్లీలనే.
ఆ ఘాటుకు తుమ్ముకుంట పెరిగిన,
ఎవరు ఏరిండ్రో ఒక్కనాడు అడగలే.
పడమర
రాళ్లవాగు.

ఆస్పత్రి ఎంత దూరం?
ఎండకాలమా, వానకాలమా? అన్నరు.
గడి ఒక్కటే ఉన్నది.
ఎండకాలం ఇరవై రెండు కిలోమీటర్లు.
వానకాలం
వాగు ఎప్పుడు దిగితే అంత.
ఒకసారి సోడె రామక్కను మంచంతో సహా ఎత్తుకొని
రొమ్ములోతు నీళ్లల్ల దాటించిండ్రట,
అవతలి గట్టు ఎక్కినంక పిలగాడు పుట్టిండు.
వాని పేరు గట్టయ్య.
ఇప్పుడు నాలుగో తరగతి,
నా పెన్నుమూత నోట్లె పెట్టుకొని
నేను రాసే ప్రతి అక్షరం
పైకి చదువుతున్నడు.

ప్రధాన వృత్తి. ఒకటే రాయాల్నట.
ఇప్పపూలు రాలే నెల చీకటితోనే లేస్తరు,
తునికాకు నెల యాభై ఆకులకో కట్ట కడుతరు,
వానలకు నాట్లు, ఆ తర్వాత జిగురు, తేనె, చీపుర్లు.
అడవి ఏది చేతుల పెడితే
ఆ నెలకు వాళ్లు అది.
గడిల పట్టింది "కూలి" ఒక్కటే.
రాసిన, కొట్టేసిన,
మళ్ల అదే రాసిన.

చూడదగిన స్థలాలు?
ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు.
ఏముంటయి బిడ్డా, అన్నరు.

కాయితాలు సర్దుతుంటే
కన్నమ్మ వచ్చి నా ముందర గొంతుక్కూసున్నది.
ఇగ నీది చెప్పు, అన్నది.
మీది ఏం వాగు?
మీ వేల్పు ఏ గుట్ట మీద ఉంటది?

మాది వరంగల్, అన్న.
ఊరు గాదు బిడ్డా, వాగు.

మా గల్లీ వెనక ఒక నాలా ఉన్నది.
పైన సిమెంటు బిళ్లలు పరిచి షాపులు పెట్టిండ్రు.
దానికి పేరుందో లేదో తెల్వదు.
ఎక్కడ పుడుతదో, పోయి ఎందుల కలుస్తదో తెల్వదు.

ముసలామె శానాసేపు ఏమనలే.
ఆ తర్వాత గట్టయ్య దిక్కు తిరిగి,
రాసుకోరా, ఈమెకు వాగు లేదు, అన్నది.

వాడు నా పెన్నుతోనే
అరచేతిల రాసుకున్నడు.