సూది మధ్యలో

రోళ్ళు పగిలే ఎండలో
ఏటుకూరు రోడ్డు మీంచి
నడిచొచ్చింది కారు. అవును, నడిచే.
ముందు ట్రాక్టరు, వెనక తాడు,
తాడు చివర మూడు కోట్లు.
స్టీరింగు దగ్గర పూర్ణచంద్ గారు,
పీటల మీద కూర్చున్న పెళ్ళికొడుకులా
చెమటలు తుడుచుకుంటూ.

నా పేరు సిలార్. గుంటూరు ఆటోనగర్ మూడో లైన్లో
రేడియేటర్ల షెడ్డు.
మా నాన్న లారీలకి ఇత్తడి గొట్టాలు అతికాడు,
నేనూ అదే అతుకుతున్నా.
ఇలాంటి బండిని ఫోన్లో తప్ప చూళ్ళేదు.
నిమ్మపండు రంగు. ఎత్తు నా మొల దాకా.
ఇంజను చూద్దామని ముందు మూత ఎత్తితే
చిన్న గుంట,
అందులో ఒక చేతిసంచీ, సగం తాగిన నీళ్ళ సీసా.
"వెనకుంటది అబ్బాయ్" అన్నారాయన
తప్పు తనదే అయినట్టు.

హైదరాబాదులో కంపెనీ కుర్రాడు
ఫోన్లో ఒకటే మాట:
"లారీ ఎక్కించి పంపండి, పద్దెనిమిది రోజులు."
పద్దెనిమిది రోజులంటే
రోహిణీ కార్తె వెళ్ళిపోద్ది.

ఫ్యాన్లకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చా.
గిర్రున తిరిగాయి.
థర్మోస్టాట్ విప్పి
టీకొట్టు సైదమ్మ గిన్నెలో మరగబెట్టా.
పువ్వులా విచ్చుకుంది, పాపం, దాని తప్పేం లేదు.
(ఆ గిన్నె ఇంకోటి కొనివ్వాల్సొచ్చింది, అది వేరే సంగతి.)
ముందు నుంచి వెనక్కి పోయే పొడుగాటి గొట్టానికి చెవి ఆనించి
గాలి బుడగ ఉందేమోనని విన్నా,
నెలలు నిండిన కడుపుకి చెవి పెట్టినట్టు.
నీళ్ళ చప్పుడే.

చివరికి బంపరు ఊడదీశా.
రెండు చెంపల వెనక రెండు రేడియేటర్లు.
కంప్రెసర్ గాలి కొట్టానో లేదో
ఎర్రటి మేఘం.

నేను తుమ్మా. ఆయన తుమ్మారు.
టైర్ల షాపు బుజ్జిబాబు తుమ్మాడు,
ట్రాక్టరు డ్రైవరు తిడుతూ తుమ్మాడు,
మూడో లైను మొత్తం తుమ్మింది.
రెక్కల సందుల్లోంచి రాలుతున్నాయి
గింజలు, తొడిమలు, ఎండు తొక్కలు,
అర గిద్దెడు కారం.

"బండి ఎక్కడ పెడతారు సార్?"

ఆయన నేల చూశారు.
"ఎండకి పాడైపోద్దేమోనని...
మన కోల్డ్ స్టోరేజీలో. రెండో ఛాంబరు ముందు,
తేజ బస్తాల పక్కన.
పొద్దున్నే వెళ్ళి స్టార్ట్ చేసి
ఓ అరగంట ఫ్యాను తిరగనిచ్చేవాణ్ణి."

ముఠావాళ్ళు బస్తాలు మోస్తుంటే
అరగంట చొప్పున, నాలుగు నెలలు,
చల్లటి చోట కూర్చుని
పీల్చింది బండి.

నేనేం అనలేదు. గోళీసోడా తెప్పించా.
ఎగశ్వాస కాస్త తగ్గాక అడిగా,
"ఎంత స్పీడు పోద్ది సార్?"
"మూడొందలు దాటుద్దంట."
"మీరెంత పోయారు?"
సోడా సీసాలో గోళీని చూస్తూ,
"ఎనభై. కాజ దాటాక, ఒక్కసారి.
గేదెలు అడ్డమొచ్చాయి."

మర్నాడు తెల్లారుజామున నాలుగింటికి
నన్నూ ఎక్కించుకున్నారు.
ఎక్కడం కాదది, గోతిలోకి దిగడం.
వీపు వెనకే ఇంజను,
తలుపు అవతల పెద్ద జంతువేదో నిద్ర లేచినట్టు.
ప్రతి స్పీడు బ్రేకరుకీ
ఇద్దరం ఊపిరి బిగబట్టి
పొట్టలు లోపలికి లాక్కున్నాం,
దానివల్ల బండి పైకి లేస్తుందన్నట్టు.

బైపాసు ఖాళీ.
ఆ గాలి కూడా వేడే, పొయ్యార్పిన వంటింట్లోలా.
నేను రోడ్డు చూళ్ళేదు. సూదినే చూశా.
తొంభై. సూది మధ్యలో.
నూట పది. మధ్యలోనే.
నూట నలభై దగ్గర
ఆయన నోరు తెరిచి ఏదో అన్నారు, వినపళ్ళేదు.
చిన్నపిల్లాడి నోరు.

చల్లగా ఉంటదని అప్పుడు ఏసీ వేశారు.

దాని గొట్టాలు నేను ఊదలేదు.
గుర్తొచ్చేలోపే
నాలుగు కిటికీల్లోంచి నాలుగు గుప్పిళ్ళ తేజ
సరాసరి మొహాన.
బండి పక్కకి ఆపి
రోడ్డు మీద కూర్చుని, కళ్ళు తెరవలేక,
తుమ్ముతూ, ఏడుస్తూ, నవ్వుతూ,
ఎవరు ఏది చేస్తున్నారో తెలీకుండా.
ఆ కన్నీళ్ళలోంచే ఇంకోసారి తొంగిచూశా:
సూది మధ్యలో.

ఇంటికెళ్తే మా మీరాబీ
"కళ్ళేంటి అలా ఎర్రగా, ఎక్కడ తాగొచ్చావు?" అంది.
కార్లో తిరిగొచ్చానన్నా.
నమ్మలేదు.