ఇరవై సెకన్ల దూరం

షంషాదూ, ముందు ఆ ఫ్యానాపు.
దాని కీచు నీ చెవికి అలవాటైపోయింది,
మైకుకి అలవాటు కాదు.
కిటికీ మూస్తే ఉక్క,
తెరిస్తే కింద మేత కొట్టు కంపు.
కంపే నయం. అది లైవులో వినపడదు.

పదకొండుకి ఎర్ర లైటు వెలుగుద్ది.
తెర మూలన ఒక అంకె కదులుతుంటది, దాన్ని చూడబాక.
నేనయితే దాని మీద బొట్టుబిళ్ళ అంటించాను.
మొదటి రాత్రి అది ఏడు.
ఏడింట్లో ఒకటి నా ఫోను, ఒకటి మా ఆయనది.
"అందరికీ నమస్కారం" అన్నాను
పెళ్ళి పందిట్లో మైకు దొరికినోళ్ళ మాదిరి.
ఎవరా అందరూ?
గంగపట్నం గట్టు మీద రేకుల పాకలో
ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకోని
రెండో చెవి ఏరేటరు మోతకి వదిలేసి
కూచోనుంటాడే చెంచయ్యన్న, ఆయనొక్కడే.
ఆయనతో మాట్లాడు.
సగం చెవే నీది.
మిగతా సగం రొయ్యలది.

ఇంకోటి.
నువ్వన్న మాట చెరువు చేరడానికి ఇరవై సెకన్లు పడుద్ది.
ఎందుకో నాకూ సరిగా తెలీదు,
యాడెక్కడో తిరిగి తిరిగి వస్తదంట.
"అన్నం తిన్నారా?" అని నువ్వడిగేటప్పటికి
వాళ్ళింకా పాట చివరి చరణంలో ఉంటారు.
జవాబు రాలేదని బెదిరి ఇంకో ప్రశ్న వెయ్యబాక.
వల మీద వల వేస్తే రెండూ చిక్కుపడతాయి,
చేప పోద్ది.
ఆ ఇరవై సెకన్లూ చేతికందింది చెప్పు:
వీధి దీపం చుట్టూ ఉసిళ్ళు చేరాయనో,
మైపాడు ఆఖరి బస్సు ఖాళీగా పోయిందనో.
లేనిది మాత్రం చెప్పబాక.
పడని వాన పడిందంటే
గట్టు మీద మనిషి తలెత్తి చూస్తాడు.
ఆకాశం ఆయనకి నీకంటే బాగా కనపడుద్ది.

ఫోను చేసినోళ్ళ పేరు కాయితం మీద రాసుకో, చేత్తో.
నిడిముసలి కోటయ్యని కొరుటూరు కోటయ్య అన్నానొకసారి,
ఆర్నెల్లు మళ్ళీ చెయ్యలేదు మారాజు.
"మీ దగ్గర సౌండు తగ్గించండి" అని ముందే చెప్పు,
లేకపోతే వాళ్ళ గొంతు వాళ్ళకే వెనకాలొచ్చి తగులుద్ది.
ముదివర్తిపాలెం నించి ఒకామె, పేరు చెప్పలేదు,
అట్టానే తన గొంతు తను విని
"ఎవరమ్మా ఆమె, ఏడస్తా ఉంది?" అని అడిగింది.
నేను జవాబు చెప్పలేదు.
పాట వెయ్యలేదు, ఓదార్చలేదు.
కాసేపటికి ఆమే నవ్వింది.
ఆ పాఠం నాకెవరూ చెప్పలేదు,
నీకెట్టా చెప్పాలో నాకూ తెలీదు.

రొయ్య ధర చదివేటప్పుడు గొంతులో ఏమీ కలపబాక.
నలభై కౌంటు ఇంత, వంద కౌంటు ఇంత, అంతే.
పడ్డ ధరని జాలిగా చదివితే
ఇంకో పది పడ్డట్టుంటది.

రెండు గంటలప్పుడు కరెంటు పోద్ది.
మనకి ఇన్వర్టరుంది, వాళ్ళ చక్రాలు ఆగిపోతాయి.
పాట నడుస్తుంటే నడిమికి కోసెయ్యి,
పాడేది ఎంత గొప్పోళ్ళయినా సరే.
"కరెంటు పోయింది, జనరేటర్లు లేపండి."
మూడుసార్లు. నిదానంగా.
అరిస్తే నిద్దర లేస్తారు గానీ
చేతులు వణుకుతాయి, ఇంజను అందుకోదు.
చెప్పినాక గమ్మునుండు.
ఇరవై సెకన్లు.
చీకట్లో ముందు ఒక డీజిలింజను దగ్గుద్ది,
దాని పక్కది దగ్గుద్ది,
ఆ పక్కది.
అప్పుడు మైకుని కిటికీ వైపు తిప్పు.
మన కార్యక్రమం మొత్తంలో అదే మంచి ఘడియ,
అందులో మన మాట ఒక్కటీ ఉండదు.

నాకు ఎనిమిదో నెలొచ్చింది.
వాక్యం సగంలోనే ఊపిరి చాలట్లేదు, అందుకే నువ్వు.
చెంబులో నీళ్ళున్నాయి, ఐసువి కాదు.
బల్లి అరిస్తే పట్టించుకోబాక,
అది నాకంటే పాతది, దానికీ శ్రోతలున్నారు.
నేను ఇంటికి పోయి ఎడమ పక్కకి ఒత్తిగిలి వింటాను.
నువ్వు తడబడితే
నాకు ఇరవై సెకన్లు ఆలస్యంగా తెలుస్తది.
అప్పటికి నువ్వు సర్దుకోనే ఉంటావు.