నీళ్ళలో గొలుసు

శిబ్సా నది కరకట్ట దిగితే
పటంలో నూట నలభై చెక్కలు.
కళ్ళెదుట ఒకే ఒక్క నీటి పలక,
ఎవరో తుడిచేసినట్టు.
మధ్యలో కొయ్య కాళ్ళ మీద కాపలా గుడిసె,
దానికో సోలార్ దీపం, ఒక కుక్క.
ఇక్కడి వాళ్ళు దీన్ని ఘేర్ అంటారు.

నేను అమీనుని. కొలవడం నా కూడు.
పన్నెండేళ్ళ కౌలు చైత్రంతో తీరింది,
ఎవరి చెక్క వాళ్ళకి చూపించి రమ్మని
ఖుల్నా నుంచి నన్ను పంపారు.

ఎక్కడని చూపించను?
గట్లు రొయ్యల కాళ్ళ కింద ఎప్పుడో కరిగాయి.
హద్దు కొయ్యల్లో సగం
ఆ గుడిసె కాళ్ళయ్యాయి.
గొలుసు విసిరితే
పాములా ఓసారి మెరిసి బురదలో దూరింది.

"మూడు బిగాలు, పదకొండు కఠాలు..."
నేను కాగితం చదువుతుండగానే
బినోదినీ రప్తాన్ చీర మోకాళ్ళ పైకి దోపుకుని
ఎవరికీ చెప్పకుండా నీళ్ళలోకి దిగింది.
డెబ్బై దాటిన మనిషి.
చేతులు పైకెత్తి, పాదాలతో తడుముతూ,
కరెంటు పోయిన వంటింట్లో
అగ్గిపెట్టె వెతికినట్టు.

ఇదిగో ఇక్కడ మెత్తన, ఇది నారుమడి.
ఇక్కడ ఎర్రావుని కట్టేవాళ్ళం.
గడ్డి లేక అమ్మేశాం, ఆవు పోయాక పిడకల్లేవు,
పిడకల్లేక పొయ్యిలోకి తలుపు చెక్క విరిచాం.
నాట్లకి ముప్పై మందిమి దిగేవాళ్ళం దీంట్లో.
ఇప్పుడు ముప్పై మందికీ బదులు
ఆ కుక్కొక్కటే పనిలో ఉంది.

కట్ట మీద ఎవరో నవ్వారు.
అప్పటికే ఆమె ఆగిపోయింది.
"దొరికింది."

ఈత చెట్టు మొద్దు.
పేరులోనే ఈత పెట్టుకుని
మునిగిపోయిన చెట్టు.
ఆమె మొగుడు చలికాలం తెల్లవారుఝాముల్లో
కుండ కట్టి తీపి దించిన చెట్టు.
రమ్మంది. దిగాను.
నా చీలమండ పట్టుకుని, పిల్లాడికి జోడు తొడిగినట్టు,
నా పాదాన్ని దాని మీద పెట్టింది.
జారుడుగా, గుండ్రంగా ఉంది.
పటంలో అది ఆమె చెక్కకి ఈశాన్యం మూల.

అక్కణ్ణుంచి గొలుసు లాగాను.
పొద్దు గూకేలోగా పదిహేడు చెక్కలు పైకి తేలాయి,
కాగితం మీద.

ప్రశాంత గాయెన్ మాత్రం సంతకం పెట్టనన్నాడు.
మళ్ళీ కౌలుకే ఇస్తానన్నాడు.
అతని మాట కొట్టిపారెయ్యలేను:
రొయ్య డబ్బే వాళ్ళింటి మీద రేకు,
రొయ్య డబ్బే చెల్లెలి నర్సు చదువు.
తాగే నీళ్ళ డ్రమ్ము కూడా
ఆ డబ్బుతోనే పడవెక్కి వస్తుంది.
"వడ్లు చల్లుతావా పిన్నీ ఇందులో?
ఉప్పు తిన్నవాళ్ళు విశ్వాసంగా ఉంటారంటారు.
పన్నెండేళ్ళు ఉప్పు తిన్న నేల.
ఎవరు పెట్టారో వాళ్ళ మాటే వింటుంది."

ఆమె జవాబివ్వలేదు.
వంగి గుప్పెడు బురద తీసింది.
నాలిక కొసకి రాసుకుని కళ్ళు మూసుకుంది,
పులుసు దించే ముందు రుచి చూసే మనిషిలా.
"ఎక్కువైంది" అంది.
కాసేపాగి, "రెండు వానాకాలాలు పడుతుంది."
మళ్ళీ నాకింది.
"మూడు."
అప్పటికి తన వయసెంతో
లెక్క వేసుకున్నట్టు లేదు.

రాత్రి స్కూలు వరండాలో పటం పరిచాను.
ప్రతి చెక్కకీ ఒక గడి ఉంటుంది: భూమి రకం.
వరి అని రాస్తే ఇప్పటికి అబద్ధం.
చెరువు అని రాస్తే
ఇక ఎప్పటికీ నిజమైపోతుంది.
నా కలం పక్కూరి కుక్కలన్నీ అరిచి అలిసేదాకా
ఆ గడి మీదే నిలబడింది.
మడమ పగుళ్ళలో ఉప్పు మండుతోంది.

పోటు వచ్చే వేళ
కట్ట దగ్గర తుప్పు పట్టిన తూము తలుపు
కిర్రుమంది.
తెరిచారో,
మూశారో.