రెండంగుళాల తెలుపు

అరోరాలో, రూట్ యాభై తొమ్మిది మీద, మందుల షాపులో
దగ్గు సిరప్పులకీ పుట్టినరోజు కార్డులకీ మధ్య
లాగితే కిందికి దిగే తెల్ల తెర ఒకటుంది.
దాని ముందు మనుషుల్ని నిలబెట్టి
రెండంగుళాలకి రెండంగుళాలు చేస్తాను.
అదీ నా ఉద్యోగం.

కళ్ళజోడు తీయండి. జుట్టు చెవుల వెనక్కి.
బొట్టు ఉండొచ్చు. పళ్ళు కనపడొద్దు.
అలాగని మరీ ఏడుపు మొహం పెట్టకండి,
పెళ్ళిచూపుల్లో పెళ్ళికూతురి అన్నయ్యలా, మధ్యరకంగా.

కాత్యాయని పట్టక నా బ్యాడ్జి మీద 'కాత్య' అని కొట్టారు.
రష్యావా అని ఓ ముసలాయన అడిగాడు.
కాదండి, రాజోలు అన్నాను.
అది రష్యాలో ఏ వైపు అన్నాడు.

మనవాళ్ళు మాత్రం ముక్కుపుడక చూసి పోల్చేస్తారు.
పోల్చగానే గొంతు తగ్గిస్తారు.
డేటేమైనా కదిలిందాండీ?
కదిలింది, వారం. పోయిన నెల వెనక్కెళ్ళింది చూడండి,
అందులోంచి వారం.
ఉద్యోగం పోయి నలభై రోజులు, ఇంకా ఇరవై ఉన్నాయి,
శనాదివారాలు కూడా లెక్కేస్తారా?
మా అత్తగారికి వేలిముద్రలు పడట్లేదండీ,
పొగాకు బేరన్‌లో ముప్పై ఏళ్ళు ఆకులు తీసిన చేతులు,
గీతలన్నీ ఆకులకే ఇచ్చేసి వచ్చింది,
ఇప్పుడు ఆవిడ ఆవిడేనని ఎవరు చెప్పాలి?

నేను లాయర్ని కానండి, అంటాను.
నిజానికి ఫోటోగ్రాఫర్ని కూడా కాను,
మైక్రోబయాలజీ చదివాను.
ఆ ఒక్కటీ ఎవరూ అడగరు.
తెలిసింది చెబుతాను. తెలియనప్పుడు ప్రింటరు వైపు చూస్తాను.
ప్రింటరు మంచిది, సరిగ్గా అప్పుడే మొరాయిస్తుంది.

అన్నిటికంటే కష్టం చంటిపిల్లలు.
కళ్ళు తెరిచుండాలి, పట్టుకున్న చెయ్యి కనపడకూడదు.
తల్లికి తెల్ల దుప్పటి కప్పి కుర్చీలో కూర్చోబెడతాను,
ఆమె ఒళ్ళో బిడ్డ.
ఫోటోలో తల్లి ఉండదు. తెలుపే ఉంటుంది.
కొంచెం ఊపిరి తీసుకునే తెలుపు.

మొన్న మంగళవారం, మంచు పడుతుంటే, సుధన్వ వచ్చాడు.
ఇంతకుముందు రెండుసార్లు తీశాను వాణ్ణి,
ఒకసారి స్టూలెక్కించి.
ఏప్రిల్‌కి ఇరవై ఒకటి నిండుతాయి.
ఆ రోజుతో వాళ్ళ నాన్న కాగితాల్లోంచి
తొడిమ వదిలిన దోసపండులా ఊడిపోతాడు.
మంత్రంలో దాన్ని విడుదల అన్నారు.
ఇక్కడ ఏజ్ అవుట్ అంటారు.

స్టూడెంటు వీసా స్టాంపింగుకి హైదరాబాదు వెళ్తున్నాట్ట.
'ఆంటీ, చదువయ్యాక మీ ఊరు వెళ్ళిపోతావా అని అడుగుతారట.
వెళ్తాననాలట.'
అనాలి నాన్నా.
'ఏ ఊరంటే?'

మూడున్నరేళ్ళప్పుడు వచ్చాడు.
ముందు పన్ను విరగ్గొట్టుకుంది ఈ షాపు వెనక దిబ్బ మీదే,
స్లెడ్డు బోర్లాపడి.
రక్తం తుడవడానికి నేనే దూది తెచ్చాను,
ఆ దూదికి డబ్బులు కట్టామో లేదో గుర్తులేదు.

గడ్డం కాస్త పైకెత్తు, అన్నాను.
ఎత్తాడు.
కంప్యూటరు కొలుచుకుంది: తల సరిపోయింది,
కళ్ళు రెండు గీతల మధ్యే ఉన్నాయి,
నేపథ్యం తెలుపు.
పచ్చ టిక్కు పడింది.

వాడు వెళ్ళాక చూశాను, కౌంటరు మీద కళ్ళజోడు.
తలుపు దాకా పరిగెత్తాను.
కారు లైట్లు అప్పటికే మంచులో కలిసిపోయాయి.
ఎక్కడికి పోతాడులే, వస్తాడు,
అని పైకే అన్నాను, అలవాటుగా, తెలుగులో.
అని, కాసేపు అక్కడే నిలబడిపోయాను,
ఆటోమాటిక్ తలుపు
నేను లోపలో బయటో తెలీక
మూసుకోబోయి, తెరుచుకుని, మూసుకోబోతుంటే.